జంబయ్య మహానగర ఘోష

ఒక పెద్ద అడవిలో, లారీలు తిరిగే రోడ్డుకు కాస్త ఎడంగా, సింహంగారి కొలువుండేది. ఆ కొలువులో ఒక సంగీత సభ. దానికి అధ్యక్షుడు భల్లయ్య అనే ఎలుగుబంటి. ఆయనకు సంగీతం రాదు గానీ, వచ్చినట్టు తల ఊపడం బాగా వచ్చు.

పక్క అడవి రాజు వసంతోత్సవం ఘనంగా చేశాడని తెలిసి సింహంగారికి తిండి సయించలేదు. ఎవరూ విననిది ఒకటి మనమూ వినిపించాలని ఆజ్ఞాపించారు.

అప్పుడే జంబయ్య అనే నక్క పట్నం నుంచి తిరిగొచ్చాడు. అక్కడ ఒక వేసవంతా ఫ్లైఓవర్ కింద చెత్తకుండీ పక్కన గడిపాడు. ఆ సంగతి దాచి, నగరంలో పైచదువు చదివానని, అక్కడి జీవితాన్నంతా ఒక్క వాద్యగోష్ఠిలో వినిపిస్తానని చెప్పాడు. భల్లయ్య తల ఊపాడు.

సాధన మొదలైంది. ఏనుగు బస్సు హారనైంది. కప్పలు ఆటోలయ్యాయి. వడ్రంగిపిట్టకు రోడ్డు తవ్వకం, నెమలికి అంబులెన్సు దక్కాయి. ఎన్నాళ్ళుగానో కొలువులో పాడుతున్న కోయిల, పికమ్మ, తన వంతేమిటని అడిగింది.

“కరెంటు పోయినప్పుడు ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటుందమ్మా. అది నీది,” అన్నాడు జంబయ్య.

అందరూ గొంతు చించుకుంటుంటే పికమ్మ మాత్రం నోరు మూసుకోవడం సాధన చేసింది.

ప్రదర్శన నాడు అడవి దద్దరిల్లింది. కుందేళ్ళు పిల్లల చెవులు మూశాయి. సింహంగారికి తల తిరిగిపోయింది. అర్థం కాలేదంటే పరువు పోతుందని ఓర్చుకుని, చివరికి మెల్లగా, ఇదెప్పుడు అయిపోతుందని అడిగారు.

“నగరం అయిపోదు ప్రభూ,” అన్నాడు జంబయ్య.

ఆ మాటకు సభంతా లేచి చప్పట్లు కొట్టింది. సింహంగారు వేరే దారి లేక, రోజూ సాయంత్రం ఇదే వాయించాలని శాసించారు.

కొన్నాళ్ళకు రోడ్డు మీద పోయే ఒక లారీ డ్రైవరు ఆ హారన్లు విని, అటు కొత్తగా బైపాస్ పడిందనుకున్నాడు. బండిని అడవిలోకి తిప్పాడు. అతన్ని చూసి వెనకవాళ్ళూ తిప్పారు. బళ్ళన్నీ ఇరుక్కుపోయాయి. ఇరుక్కున్నవాళ్ళ కోసం టీ కొట్టు వెలిసింది. దాని పక్కన పంక్చర్ షాపు, ఆ పక్కన ‘పచ్చని ప్రకృతిలో ప్లాట్లు’ అని బోర్డు.

ఏనుగు ఆ లారీల హారన్లతో కొంతసేపు పోటీపడి, ఓడి, ఏరు దాటి వెళ్ళిపోయింది. పికమ్మ ఒక ఉదయం చిటారుకొమ్మ మీద కూర్చుని పాడింది. తన పాట తనకే వినపడలేదు. ఆమె కూడా ఎగిరిపోయింది.

మిగిలినవాళ్ళంతా పక్క అడవికి వెళ్ళి, తలదాచుకోను చోటిమ్మని వేడుకున్నారు. అక్కడి రాజు వాళ్ళను ఎండలో వరుసగా నిలబెట్టాడు. జంబయ్యను మాత్రం పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మీ అడవి ఎంత బాగుండేదో ఒక వాద్యగోష్ఠి కట్టి మావాళ్ళకు వినిపించమన్నాడు.

“ ‘పోయిన అడవి’ అని పేరు పెడదాం ప్రభూ,” అంటూ జంబయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

వరుసలోంచి సింహంగారు, తమకు గుహ ఎప్పుడిస్తారని అడిగారు. కచేరీ అయ్యాక చూద్దామన్నాడు జంబయ్య.

నీతి: ఇల్లు కూల్చినా తప్పులేదు, కూలిన ఇంటి మీద పాట కట్టడం వస్తే.