సాక్సులతో వచ్చిన మర్యాదస్తులు

మర్యాదస్తులారా, ఈ పని చేసింది మీరే. ఇళ్లమ్మే ఏజెంట్లని ఏమీ అనను, వాళ్లు మీ నీడలు. ప్రభుత్వాన్ని కూడా ఇవాళ్టికి వదిలేస్తాను. శనివారం పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని, అమ్మకానికున్న ఇళ్లముందు పాతే ఓపెన్ హోమ్ జెండాలు వెతుక్కుంటూ మా ఓటాహుహు వీధుల్లోకి కార్లు తిప్పే మీరు, గుమ్మం ముందు బూట్లు విప్పి పరాయివాళ్ల పడకగదుల్లోకి సాక్సులతో నడిచే మీరు, మతలేనా కుటుంబాన్ని బయటికి నెట్టారు. ఎంత మర్యాదగా నెట్టారంటే, నెట్టినట్టు మీకే తెలియలేదు.

మతలేనా ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. సమోవా దీవుల నుంచి వచ్చిన తల్లి ఫువతీనోతో, పిల్లలతో మా వీధిలో ఒక చెక్క ఇంట్లో అద్దెకుండేది. ముసలామెకి కిడ్నీలు పోయాయి. డయాలిసిస్ కేంద్రం ఆ వీధి చివరే. ఇంటి కప్పు కారినా, కిటికీ బిగుసుకుపోయినా వాళ్లు ఆ ఇంటిని పట్టుకుని వేలాడింది అందుకే. యజమాని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. అద్దెవాళ్లని ఉంచుకునేవాళ్లు కొంటే ఉంటారు, ఖాళీ ఇల్లు కావాలనేవాళ్లు కొంటే పోతారు. ఇంతే సంగతి.

ఏజెంటు రస్సెల్ టాప్లిన్ గొప్ప సంస్కారి. శుక్రవారమే వచ్చి, రేపు అరగంట ఇల్లు చూపించడం అయ్యేదాకా చేపలు వండొద్దని బతిమాలాడు. గోడలనిండా ఉన్న చుట్టాల ఫోటోలూ, వాటికి వేసిన గవ్వల దండలూ తీయించాడు. వచ్చేవాళ్లు ఆ గోడలమీద తమ మొహాలు ఊహించుకోవాలట, ఇతరుల మొహాలు అడ్డమట. పిల్లల్ని పార్కుకి పంపమన్నాడు. చివరికి గొంతు తగ్గించి, ముందుగదిలో మంచంమీదున్న ముసలామెని చూపిస్తూ, "అమ్మగారిని కూడా ఆ అరగంట ఎక్కడికైనా..." అని ఆగాడు. మర్యాదస్తులు ఇలాంటి వాక్యాలు పూర్తిచెయ్యరు.

"సోఫా అయితే జరుపుతానండీ. మా అమ్మని జరపను," అంది మతలేనా. డయాలిసిస్ అయిన మర్నాడు ముసలామె లేచి నిలబడలేదు మరి.

శనివారం వరండాలో టాప్లిన్ ఇచ్చిన ఉపన్యాసం పాఠ్యపుస్తకాల్లో చేర్చదగినది. "మిత్రులారా, దయచేసి పాదరక్షలు విప్పండి. సొరుగులు తెరవకండి. గోడకి బిగించిన అలమరలు ఇంట్లో భాగం కనుక తెరవవచ్చు. ముందుగదిలో ఒక వృద్ధురాలు విశ్రాంతి తీసుకుంటున్నారు. వారు ఇంట్లో భాగం కారు. అద్దెకున్నవారిని ప్రశ్నలు అడగకండి, వారి మనసు నొచ్చుకుంటుంది. వారి ఏకాంతాన్ని అందరం గౌరవిద్దాం."

ఏకాంతాన్ని గౌరవించడానికి అందరూ ఒక్కసారే లోపలికి వెళ్లారు.

వాళ్ల ప్రవర్తనలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒకాయన కొలత టేపు ముసలామె మంచం మీదుగా లాగుతూ మంచానికి క్షమాపణ చెప్పాడు. ఒకామె అలమర తెరిచి, అందులో వేలాడుతున్న చర్చి బట్టల్ని నలగకుండా పక్కకి జరిపి, వెనక బూజు ఉందేమో చూసింది. టాయిలెట్ వాడుకున్నవాడు మూత దించి వచ్చాడు. నైజెల్, ఫెలిసిటీ బ్రాక్‌వెల్ అనే దంపతులు ఈ గోడ పడగొడితే వెలుతురు వస్తుందని చెప్పుకున్నారు, అదీ గుసగుసగా, గోడకి ఆనుకుని పడుకున్న మనిషికి నిద్రాభంగం కాకుండా. తమకి ఇప్పటికే ఉన్న ఇళ్లలో ఏ ఇంట్లోనూ ఇంత వెలుతురు లేదట.

ముసలామె నిద్రపోవడం లేదు. సమోవా ఇళ్లలో పెద్దవాళ్లు కిందుంటే నెత్తిమీద నిలబడి మాట్లాడరు. పెద్దల ముందునుంచి నడవాలంటే నడుం వంచి నడుస్తారు. ఇంతమంది నిటారుగా తిరుగుతుంటే ఆమె మెడ పట్టేసింది.

"కూర్చోండి నాయనా, కూర్చోండి. మీరేమన్నా దీపస్తంభాలా?" అంది.

కూర్చున్నారు. ముసలామె మాట కాదనడం ఏ పుస్తకంలోనూ మర్యాద కాదు. కార్పెట్ మీద వరసగా, మోకాళ్లు పటపటమంటుండగా, పెద్ద పెద్ద ఉద్యోగస్తులు చతికిలబడ్డారు.

"మతలేనా, వీళ్లంతా ఎవరే?"

"ఇల్లు వెతుక్కుంటున్నారమ్మా."

"ఇంతమందికీ ఇళ్లు లేవా? మరి ఎక్కడుంటున్నారే?"

మతలేనా తల తిప్పుకుంది. "కార్లలో వచ్చారమ్మా," అంది.

"కార్లలోనా?" ముసలామె కళ్లు చెమర్చాయి. "మన సియోనే వాళ్లూ అంతేగా, ఆ చలికాలమంతా వ్యానులో పడుకున్నారు, పసిదానితో. ఉండండి నాయనా, కొబ్బరిపాల బన్నులున్నాయి. ముందు ప్రార్థన చేసుకుందాం."

టాప్లిన్ వాచీ చూసుకున్నాడు. కానీ ప్రార్థనకి అడ్డుపడే మొగాడు ఆ గదిలో లేడు. అందరూ తలలు దించారు.

"తండ్రీ, వీళ్లని చూడు. మంచివాళ్లలాగే ఉన్నారు. పళ్లు తెల్లగా ఉన్నాయి, సాక్సులు చిరగలేదు, అయినా తల దాచుకునే చోటు లేదు. ఆ మూలనున్న పిల్లని చూడు, ఆ ఎర్రకోటు పిల్లని. ఎంత అలిసిపోయిందో. ఇవాళే దానికి ఇల్లు చూపించు తండ్రీ."

ఎర్రకోటు పిల్ల ఫెలిసిటీ బ్రాక్‌వెల్. వెక్కివెక్కి ఏడ్చింది. ముసలామె వరసగా ఒక్కొక్కరికీ ఇల్లు అడిగింది, వాళ్లకి లేని పిల్లలకి కూడా అడిగింది. అరగంట గడిచిపోయింది. వంటగది ఎవరూ చూడలేదు. కారుతున్న కప్పు మాట ఎవరికీ గుర్తులేదు. "మాకు ఇళ్లున్నాయమ్మా" అని ఒక్కరూ నోరు మెదపలేదు. బన్నులు తిని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు.

కంచె అవతల నిలబడి చూస్తున్న మా అద్దెదారుల సంఘం వాళ్లం పగలబడి నవ్వుకున్నాం. ఇల్లు చూపించడమే కుదరలేదు, ఇక కొనేదెవరు అనుకున్నాం. మా తెలివి అంత.

మర్నాడే ఇంటి అమ్మకం ప్రకటనలో ఒక వాక్యం చేరింది: "అరుదైన ఆత్మీయ వాతావరణం గల గృహం." వేలంపాటలో జనం ఎగబడ్డారు. ఫెలిసిటీ కళ్లు తుడుచుకుంటూ పాడింది, కళ్లు తుడుచుకుంటూనే దక్కించుకుంది. ఆ గదిలో తన మనసుకి ఏదో తగిలిందట. ఖాళీ ఇల్లు కావాలంది. తర్వాత స్వయంగా పూలకుండీ పట్టుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి, తొందరేమీ లేదని, నోటీసు గడువులోపు వెళ్తే చాలని నెమ్మదిగా చెప్పి వెళ్లింది.

ముసలామెకి మతలేనా విషయం చెప్పింది. ఆమె చాలాసేపు సంతోషించింది. "ఆ పిల్లకి ఇల్లు దొరికిందా? దేవుడు విన్నాడే." తర్వాత అడిగింది: "మరి మనం ఎక్కడికే?"

వాళ్లిప్పుడు ఊరి అవతలి అంచున, చుట్టాల గరాజులో ఉన్నారు. అక్కణ్ణించి డయాలిసిస్‌కి రెండు బస్సులు మారాలి. బస్సు తప్పి డయాలిసిస్ అందని రోజు ముసలామె మొహం ఉబ్బిపోతుంది.

ఈ శనివారం కూడా మీరొస్తారు. రండి. అయితే గడప దాటకముందు, వరండాలోనే, పదిమందీ వినేలా ఏజెంటుని అడగండి: ఈ ఇంట్లో ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్తారు? అతను నీళ్లు నమిలితే యజమానికి ఫోన్ చేయించండి. జవాబు వచ్చేదాకా ఒక్కరూ లోపలికి అడుగు పెట్టకండి, పక్కవాణ్ణి పెట్టనివ్వకండి. అది అమర్యాద అంటారా? అనిపించుకోండి.