నర్సింగం నీళ్ల జాగ్రత్త

ప్లేగు వచ్చిన మరుసటి ఏడాది దీపావళికి, తెలుగు నేతగాళ్లు వలస వచ్చిన లింబాయత్‌లో మరమగ్గాల సాంచాలు ఆగాయి. ఆ పొద్దున నర్సింగం, అతనితో పాటు మగ్గాల మీద పనిచేసే సోమలింగం సంచులు వీపున వేసుకుని డాంగ్ కొండల్లో తిరిగి రావాలని తయారయ్యారు. కొండల దాకా బస్సు, ఆపైన అంతా కాలినడకే, దారిలో వాగు నీళ్లే గతి. మొన్నటి వానాకాలంలో విరేచనాలతో మంచాన పడి లేచిన నర్సింగాన్ని పంపడానికి అతని పెళ్లాం కొమురవ్వ ఒక్క షరతు మీద ఒప్పుకుంది.

"మళ్ల కడుపు చెడిందనుకో, ఇగ జన్మల గడప దాటనియ్య."

అందుకే నర్సింగం మందుల దుకాణంలో అడిగి అయోడిన్ తెచ్చాడు. నీళ్లలో చుక్కలు వేసి అరగంట ఆగి తాగాలట. వాగు దాకా ఆగడమెందుకు, ఇంటి నీళ్లతోనే మొదలుపెడితే పోలా అనుకున్నాడు. కొమురవ్వ రెండు ఎర్ర ప్లాస్టిక్ సీసాలు నింపి, మూతలు బిగించి, అంచులు కుట్టిన చీరలు బజారులో అప్పజెప్పడానికి రింగ్ రోడ్‌కు వెళ్లింది. అతను ఆ సీసాల్లో చుక్కలు వేశాడు.

అరగంటయ్యాక రుచి చూద్దామని గ్లాసులోకి వంచాడు. సిరా దిగినట్టు దిగింది. రెండో సీసా కూడా అంతే.

"ఏంది బావా ఇది?" సోమలింగం గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టాడు.

"రంగు మిల్లు నీళ్లు నల్లాల కలిసినట్టున్నయ్. పొద్దుగాల మనం తాగిన చాయ్ గీ నీళ్లదే."

సోమలింగం కడుపు పట్టుకుని కూలబడ్డాడు. గుమ్మంలోంచి ఆ గ్లాసు చూసిన పక్కింటి ఐలమ్మ తన డ్రమ్ము మోరీలోకి ఒంచేసింది. అసలే ప్లేగు బెదురు పోని గల్లీ. ఆమెను చూసి ఎదురిల్లు, ఆ ఇంటిని చూసి చివరిల్లు బిందెలు బోర్లించాయి. ఒకాయన పెట్టే బేడా సర్దుకుని ఊరికి పోతానని ఆటో పిలిచాడు. ఎవరు ఫోను చేశారో ఏమో, మున్సిపాలిటీ జీపు కూడా వచ్చింది, అందులోంచి నీళ్ల ఇన్‌స్పెక్టరు దిగాడు.

ఇన్‌స్పెక్టరు ఐలమ్మ డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్లలో అదే మందు వేశాడు. కాస్త పసుపు తిరిగాయి తప్ప నల్లబడలేదు. అందరూ నోళ్లు తెరిచారు. అంతలో కొమురవ్వ వచ్చి గ్లాసు చూసింది.

"నా గంజిల ఏం కలిపినవ్?"

"గంజి ఏంది?" నర్సింగం తెల్లబోయాడు.

"గంజి పడితేనే గదా నూలుకు బలం. కొండలెక్కేటోనికి గుడ బలముండాలెనని, జర ఉప్పేసి సీసలల్ల పోసిన."

గంజిలో అయోడిన్ పడితే ఎక్కడైనా ఇదే రంగని హిందీలో చెప్పి, నవ్వుకుంటూ ఇన్‌స్పెక్టరు జీపెక్కాడు. గల్లీ మాత్రం నవ్వలేదు. నల్లా మళ్లీ వచ్చేది మర్నాడే.

"నింపు," అంటూ ఐలమ్మ ఖాళీ బిందె నర్సింగం చేతికిచ్చింది. ఆమె వెనక గల్లీ అంతా బిందెలు పట్టుకుని నిలబడింది. బస్సు పోతుందంటూ సోమలింగం మెల్లగా జారుకున్నాడు.

పక్క గల్లీ బోరింగు నుంచి ఎండలో బిందెలు మోసీ మోసీ నర్సింగానికి నాలుక పిడచకట్టింది. మందూ గుర్తురాలేదు, అరగంటా గుర్తురాలేదు. బోరింగు కిందే దోసిలి పట్టి కడుపునిండా తాగాడు.

తెల్లారేసరికి మంచమెక్కాడు. వాగు నీళ్లు కాచుకుని తాగిన సోమలింగం కొండల్లోంచి గుండ్రాయిలా తిరిగొచ్చేనాటికీ అతను లేవలేదు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టిస్తున్న కొమురవ్వ ముఖం చూడలేక, ఇక తన తిరుగుడు ముగిసిందని నర్సింగం కళ్లు మూసుకున్నాడు.

"వచ్చే సెలవులకు నువ్వు కొండలకే పో," అంది కొమురవ్వ. "ఇంటికాడి నీళ్లు నీకు పడుతలేవు."