తల్లి పోలిక

ఆ శుక్రవారం ఉదయం గురుప్రసాద్ చేయాల్సిన పని ఒక్కటే. టి. నగర్‌లో భాష్యంగారు కట్టిన కొత్త అపార్ట్‌మెంట్లో లిఫ్టు నడిపి చూపించాలి. నడిస్తే ఆయన కట్టే భవనాలన్నిటికీ కంట్రోల్ కార్డుల ఆర్డరు చింతాద్రిపేటలోని తమ చిన్న కంపెనీదే. నడవకపోతే గురుప్రసాద్ పద్ధతికి నీళ్లు వదలడమే.

పద్ధతంటే, సాఫ్ట్‌వేరు వాళ్ల ఆబ్జెక్టుల ఆలోచన తెచ్చి చిప్పుల డిజైనుకు తగిలించడం. ముందు ఒక తల్లి డిజైను. లిఫ్టు, నీళ్ల మోటారు, గల్లాపెట్టె కార్డులు దాని పిల్లలు. తల్లికి ఏది నేర్పితే పిల్లలకు అదే వస్తుంది. ఈ పురాణం వినీ వినీ యజమాని దామోదరం విసిగిపోయారు. "తల్లీ పిల్లలంటా కాలం గడపతా ఉండావు. ఈసారి జరగలేదంటే పాత పద్ధతే, సరేనా?" అని తేల్చేశారు.

పదిన్నర దాటాక భాష్యంగారు మీట నొక్కారు. లిఫ్టు కదల్లేదు. గురుప్రసాద్ నొక్కాడు, ఫ్యూజు మార్చాడు, తలుపు మీద ఒకటి చరిచాడు. ఉహుఁ.

"కరెంటుందే సార్, లైటు ఎలగతా ఉంది గదా," అన్నాడు వాచ్‌మన్ వేలు.

ఇంతలో పై అంతస్తులో అప్పటికే కాపురం దిగిన రాజలక్ష్మిగారి కేక. "మోటారు ఎవురాపిందీ? తలకు శీకాయ పెట్టుకోని కూచోనుండా నేను."

గురుప్రసాద్ ఫోన్ తీశాడు. ఆఫీసుకు ఫోన్ చేస్తే జూనియర్ నందిత ఎత్తింది. "ఈడ అంతా సూపర్ సార్. వాషర్‌మెన్‌పేట్ అంగడి గల్లాపెట్టె టెస్టు పాస్. మన ముదలాళి దామోదరంగారు అడిగినట్టే రాహుకాలంలో తెరుచుకోలా."

అప్పుడు వెలిగింది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. తన బంధువులదైన ఆ అంగడిలో రాహుకాలంలో గల్లా తెరవకూడదని దామోదరం పట్టుబట్టారు. గడియారం ఉన్నది తల్లిలోనే కదా అని గురుప్రసాద్ ఆ కట్టడిని గల్లాపెట్టెలో కాక తల్లిలోనే రాసేశాడు. పైగా హుషారుగా ఇక్కడి లిఫ్టు, మోటారుతో సహా కార్డులన్నిట్లోకీ ఎక్కించాడు. దిద్దుదామంటే కార్డులు తిరగరాసే పరికరం దామోదరం కారులో ఉంది, ఆ వేళలో ఆయన ఇంటి గడప దాటరు. యజమానీ కదలరు, లిఫ్టూ కదలదు. ఇంతకన్నా ఖర్మ ఉంటుందా?

పన్నెండు కొట్టగానే లిఫ్టు దానంతటదే పైకి లేచింది, మోటారు మొదలైంది, అరగంటలో దామోదరం కారూ వచ్చి ఆగింది. గురుప్రసాద్ తలవంచుకుని జరిగిందంతా చెప్పేశాడు. "తప్పు నాదే సార్. ఇప్పుడే తీసేస్తాను."

"ముట్టుకున్నావంటే ఆర్డరు లేదప్పా," అన్నారు భాష్యంగారు. "రాహుకాలం పాటించే లిఫ్టు ఈ ఊళ్లో ఇంకెవురిస్తారు?"

తల తుడుచుకుంటూ దిగివచ్చిన రాజలక్ష్మిగారు కూడా శాంతించారు. "అదా సంగతి. రాహుకాలంలో తలంటుకోవడం నాదే తప్పులే."

"చూస్తివా, తల్లి పెంపకం," అన్నారు దామోదరం గర్వంగా.

అది లోపమని గురుప్రసాద్ గంటసేపు మొత్తుకున్నా వినే నాథుడు లేడు. చివరికి కాళ్లావేళ్లా పడి ఒక్క మినహాయింపు సాధించాడు. ఆ తల్లికి పుట్టిన పిల్లల్లో నాస్తికురాలు ఫైర్ అలారం ఒక్కతే.