లేని పిల్ల మీద పాట

హిందూపురం నుంచి ధర్మవరం దాకా జాకీర్ గొంతు తెలియని మనిషి లేడు. కరెంటు కోత గానీ, చీరల తగ్గింపు ధరలు గానీ, తప్పిపోయిన గేదె గానీ, మైకు కట్టిన ఆటోలో వీధివీధికీ తిరిగేది అతని గొంతే. ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. హిందూపురంలో ఫ్లెక్సీల షాపు పైనున్న చిన్న గదిలో కూర్చుని రికార్డు చేస్తాడు. అక్కడే వండుకుంటాడు, అక్కడే పడుకుంటాడు. "అక్కలారా, చెల్లెళ్లారా" అని రోజంతా పిలిచే ఆ మనిషిని తిరిగి పిలిచిన అక్కా లేదు, చెల్లెలూ లేదు.

ఆ ఉదయం పని చాలా సులువైనది. ధర్మవరంలో పట్టుచీరల షాపు నడిపే కుళ్ళాయప్ప కోసం శ్రావణమాసం ప్రకటన రికార్డు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆటో నడిపే వేణు చేతికి ఇవ్వాలి. వేణు పెనుకొండలో తిరిగి ధర్మవరం చేరాలి. జాకీర్ ఇచ్చాడు, వేణు తీసుకుపోయాడు.

అయితే ఆ పెన్‌డ్రైవ్‌లో ప్రకటన వెనకాలే పొరపాటున ఇంకొకటి కూడా పడింది. జాకీర్ కట్టిన ర్యాప్ పాట. మునుపు అతను తన గది మీద, ఎండ మీద, ఒంటరిగా తినే అన్నం మీద పాటలు కట్టి ఫోన్‌లో పెడితే చూసిన నాథుడు లేడు. జనం ఏవి చూస్తున్నారా అని వెతికితే అన్నీ ఒకటే వరస. ఒక అమ్మాయి మోసం చేసింది, ఆడజాతే అంత. సరే, మనమూ తిడదాం అనుకున్నాడు. కానీ తిట్టడానికైనా ఒక అమ్మాయి ఉండాలి కదా! పాపం, జాకీర్‌కు లేదు. అందుకని ఒకామెను కల్పించుకున్నాడు. కళ్లద్దాలు పెట్టాడు, పచ్చ స్కూటీ కొనిచ్చాడు, ఆ తర్వాత ఆమె చేత మోసం చేయించుకున్నాడు.

మైకు ఆటోలు నడిపేవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుంటారు. లేకపోతే సాయంత్రానికి తలకాయ దిమ్మెక్కిపోతుంది. అందుకే పెనుకొండ వీధుల్లో "కుటుంబ సమేతంగా విచ్చేయండి" అన్న గొంతే, ఊపిరైనా తీసుకోకుండా "కళ్లద్దాల పిల్లా, కల్తీ ప్రేమ పిల్లా, పచ్చ స్కూటీ ఎక్కి నా బతుకు తొక్కినావే, నీ జాతే అంత" అని అరుస్తున్న సంగతి వేణుకు తెలియలేదు. బస్టాండు దగ్గర మందుల షాపు ముందు ఆటో ఆపి, మైకును దాని మానాన వదిలి, టీ తాగడానికి పోయాడు. ఆ షాపు ముందు ఒక పచ్చ స్కూటీ ఉంది. లోపల కళ్లద్దాలు పెట్టుకున్న నాగజ్యోతి మాత్రలు కత్తిరించి కవర్లో వేస్తోంది. ఇంకేముంది!

కాసేపటికి జాకీర్‌కు ఫోన్ వచ్చింది.

"రేయ్, ఏం పాట పెట్టినావురా? జనమంతా ఆటోను చుట్టుకుని వీడియోలు తీసి ఫోన్లలో పెడతాండారు. ఆ పిల్లోళ్ల అమ్మ సరోజమ్మంట, తాళంచెవి లాక్కునింది. నువ్వొస్తేగానీ ఇయ్యదంట!"

"ఏ పిల్లరా?"

"నీ పిల్లే! నాకు గూడా చెప్పకుండా ప్రేమించినావు కదరా దొంగనాయాలా!"

ఆ ఫోన్ పెట్టీ పెట్టకముందే కుళ్ళాయప్ప. "ఏమప్పా జాకీరూ, చీరలు కొనేది ఎవరు? ఆడోళ్లే కదా? వాళ్లను తిట్టి మళ్లా రమ్మంటే ఎట్ల వస్తారప్పా?"

జాకీర్ పరుగున పోయి బస్సు ఎక్కాడు. "పెనుకొండకు ఒకటి" అన్నాడో లేదో, ఆ గొంతు విని కండక్టర్ తలెత్తాడు. "ఆ పాట నీదే కదప్పా! ఫోన్లో అందరూ అదే చూస్తాండారు." అంతే, ఎవరో లేచి కిటికీ సీటు ఇచ్చారు. పక్కన కూర్చున్న పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. "పోతే పోనీలే నాయనా. అన్నం తిన్యావా?" అని సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టాడు.

జాకీర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ లేరని నిజం పాడినప్పుడు ఒక్కరూ పలకలేదు. లేని అమ్మాయి వదిలేసిందనగానే బస్సు బస్సంతా ఓదారుస్తోంది. నిజం చెబితే ఈ భుజం మీది చెయ్యి కూడా పోతుంది. మోసపోయినవాడికి ఉన్న మర్యాద, మోసం చేసేవాళ్లు కూడా దొరకనివాడికి ఉండదు. అలాగే అనుకోనీలే అని అతను ఒక క్షణం అనుకున్న మాట వాస్తవం.

పెద్దాయన ఫోన్‌లో ఇంకో వీడియో మొదలైంది. కుర్రాళ్లు షాపు ముందు చేరి "మోసగత్తె, మోసగత్తె" అని అరుస్తున్నారు. లోపలి నుంచి ఆ అమ్మాయి షట్టర్ సగానికి లాగుతోంది. జాకీర్ అరటిపండును తిరిగి పెద్దాయన సంచిలోనే పెట్టేశాడు.

పెనుకొండలో దిగగానే కుర్రాళ్లు అతన్ని వాటేసుకున్నారు. సరోజమ్మ తాళంచెవి కొంగున ముడేసుకుని ఆటోకు అడ్డంగా నిలబడి ఉంది.

"నా కూతురు నీకేం చేసిందప్పా?"

జాకీర్ నోరు తెరిచేలోగా ఒక కుర్రాడు అందుకున్నాడు. "ర్యాప్ అంటే అట్లే ఉంటాదిలేమ్మా. మనసులో ఉండే బాధ ఉన్నట్లే కక్కాల. ఎవరూ అడ్డం చెప్పగూడదు."

"వాని బాధ వాడు కక్కుకోనీ, ఎవరు వద్దన్యారు? మధ్యలో ఆడోళ్ల జాతంతా యాడినుంచి వచ్చెరా?"

కుర్రాడు పక్కకు జరిగాడు. జాకీర్ ఆటోలోకి వంగి మైకు తీశాడు. మైకు ముందు అతనికి వచ్చిన మాటతీరు ఒక్కటే.

"పెనుకొండ పుర ప్రజలకు ముఖ్య గమనిక. ఆ పాటలోని అమ్మాయి ఎక్కడా లేదు. నన్ను ఏ అమ్మాయీ మోసం చేయలేదు. మోసం చేయాలంటే ముందు మాట్లాడాలి. ఇంతవరకు నాతో ఏ అమ్మాయీ మాట్లాడలేదు. కావున ప్రజలు గమనించగలరు."

మైకు దించగానే జాకీర్‌కు బట్టలిప్పి నిలబడినంత సిగ్గేసింది. అంతలో వెనక నుంచి కేక. "చూసినారా! ఇంత జరిగినా ఆ పిల్ల పరువు కాపాడతాండాడు. మగోడంటే ఇట్లుండాల!" చప్పట్లే చప్పట్లు.

ఇక లాభం లేదని జాకీర్ స్కూటీ వైపు నడిచాడు. పక్కనే కళ్లద్దాలతో నిలబడిన ఆమె ముందు, ముఖం సరిగా చూడకుండానే చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. "నా వల్ల మీకు చాలా అవమానమైంది. మన్నించండి."

"నన్నెందుకప్పా మన్నించమంటావు? నేను బీపీ మాత్రలకు వచ్చినా" అంది ఆమె. పేరు భాగ్యశ్రీ, బడిలో టీచరు, ఇద్దరు మనవళ్లు.

ముందు సరోజమ్మ నవ్వింది. తర్వాత బస్టాండంతా నవ్వింది. ప్రేమించిన పిల్ల ఎవరో కూడా తెలియని ప్రేమికుణ్ని చూసి కుర్రాళ్లు తల దించుకుని ఫోన్లలోంచి వీడియోలు చెరిపేయడం మొదలుపెట్టారు. "అంతా ఉత్తదేనా బ్రో?" అని ఒకడు నిజంగానే బాధపడ్డాడు. బస్సులో అరటిపండు ఇచ్చిన పెద్దాయన కూడా అక్కడే దిగి, దూరం నుంచి చూసి, చూడనట్టే వెళ్లిపోయాడు. సరోజమ్మ తాళంచెవి విసిరేస్తే, వేణు చెవుల్లో దూది సర్దుకుని ధర్మవరం దారి పట్టాడు. ఓదార్చడానికీ, తన్నడానికీ కూడా ఎవరూ మిగల్లేదు. జాకీర్ ఒక్కడే నిలబడ్డాడు.

అప్పుడు షట్టర్ పైకి లేచింది. నాగజ్యోతి బయటికి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఎవరూ లేరని బాధైతే ఎవరూ లేరనే పాడుకో. దానికి ఒక ఆడదాన్ని పుట్టించి తిట్టల్లా?"

"అట్ల పాడితే ఎవరూ వినలేదండీ."

"వినకపోతే మమ్మల్ని తిడతావా? రేపట్నుంచి నేను ఈడ ఎట్ల కూర్చోవాల? దారిన పోయే ప్రతివాడూ నా కళ్లద్దాల్లోకి తొంగి చూస్తాండాడు, తెల్సునా నీకు?"

అక్కడితో ఆగలేదు. అతని పాటను, గొంతును, బుద్ధిని, చేతుల్లో ఫోన్లు పట్టుకుని ఎగబడే మగవాళ్లందరినీ వరసబెట్టి దులిపేసింది. బస్టాండులోకి వచ్చిన బస్సులు వచ్చినట్టే వెళ్లిపోయాయి. ఒక అమ్మాయి తనతో అంతసేపు మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు కాబట్టి, జాకీర్ మధ్యలో ఎక్కడా అడ్డు చెప్పలేదు.