మూతిగుడ్డల బేకరీ

పదకొండింటికి తనిఖీ. అది గట్టెక్కితే తుర్కపల్లి ల్యాబు క్యాంటీనుకు రోజూ రెండు వందల ఎగ్ పఫ్‌లు. లేదంటే శామీర్‌పేటలో పదిహేనేళ్లుగా నడుస్తున్న ఇస్సాకు బేకరీకి తాళం. కొంపల్లిలో అద్దాల దుకాణాలు వెలిశాక, చేతిలో కాస్త డబ్బు ఆడే వాళ్లంతా కేకులకు అటే పోతున్నారు మరి.

ల్యాబు వాళ్లది విదేశీ పద్ధతి. నెత్తికి టోపీ, చేతికి తొడుగు, మూతికి గుడ్డ ఉండాల్సిందేనని కబురు పెట్టారు. పొద్దున్నే ఇస్సాకు, భార్య సారమ్మ, ఇద్దరు పనివాళ్లు అన్నీ తగిలించుకుని, ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయారు.

పేపరు తెరిస్తే బర్డ్ ఫ్లూ తప్ప మరో వార్త లేని రోజులవి. బన్ను కోసం వచ్చిన ఎదురింటి రాధమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందన్నా, అందరు మూతులు గట్టుకున్నరు?"

"పెద్దసారు వస్తాండు చెల్లె. మన కోడిగుడ్లు సూస్తడట," అన్నాడు ఇస్సాకు గర్వంగా.

రాధమ్మకు అంతే చాలు. ఆమె వీధి మలుపు తిరిగేసరికి ఇస్సాకు గుడ్లకు రోగం తగిలింది. ఆ వార్త బస్టాండు చేరేసరికి సారమ్మ ఆసుపత్రిలో చేరిపోయింది. పదింటికల్లా పంచాయతీ వాళ్లు వచ్చి గుమ్మం చుట్టూ బ్లీచింగు పౌడరు కుమ్మరించారు. జనం ముక్కులకు కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకుని వరసగా నిలబడ్డారు.

"నాకేం గాలె, నేను మంచిగనే ఉన్న," అంటూ సారమ్మ బయటికి వచ్చింది. జనం నాలుగడుగులు వెనక్కి వేశారు.

"ఇగ మన పని అయిపోయింది," అని ఇస్సాకు మెట్టు మీద కూలబడ్డాడు. అతనికి నిజంగానే ఏడుపు వచ్చింది. మూతిగుడ్డ తడిసింది.

సరిగ్గా అప్పుడే క్యాంటీను అధికారి ఫణిభూషణ్ కారు దిగాడు. తెల్లటి నేల చూశాడు, ఈగ వాలని అద్దాల బీరువా చూశాడు, వీధి పొడుగునా ముక్కులు మూసుకున్న జనాన్ని చూశాడు.

"మా ల్యాబులో పనిచేసేవాళ్లే సరిగ్గా కట్టుకోరండీ. మీరు కొనేవాళ్ల చేత కూడా కట్టించారే," అన్నాడు ఆశ్చర్యంగా. "అందులోనూ బర్డ్ ఫ్లూ రోజులు. రేపటి నుంచే పంపండి. ఏటా వచ్చి చూస్తాం, ఈ పద్ధతికి ఇసుమంత కూడా తగ్గకూడదు సుమా."

ఇస్సాకు అన్నిటికీ తల ఊపాడు.

ఆదివారం ప్రార్థన ముగిశాక, ఏడాదికోసారి ఊరికి చిన్నపాటి రోగమేదైనా పంపమని దేవుణ్ణి అడగవచ్చునా అని పాస్టరుగారిని పక్కకు పిలిచి వాకబు చేశాడు.