పద్దెనిమిది రాళ్ల పరిరక్షణ

మూడు వేల ఏళ్ల నాటి రాళ్ల వలయాన్ని ప్రాణం పెట్టి కాపాడతామని మంత్రిగారు హైటెక్ సిటీ సభలో ప్రకటించారు. అన్నాళ్లూ దాన్ని కాపాడింది, అది ఉన్నట్టు ప్రభుత్వానికి తెలియకపోవడమే.

శేరిలింగంపల్లిలో రెండు అద్దాల ఆఫీసుల మధ్య ఉన్నాయి ఆ పద్దెనిమిది రాళ్లు. పురావస్తు అధికారి భీమేశ్వరరావుకు వాటి మీదే ప్రాణం. వచ్చే నెల రిటైరయ్యేలోగా చుట్టూ కంచె పడితే చాలనుకున్నాడు. పెద్దమనుషులు పోతే లోపల పాతిపెట్టి, చుట్టూ ఇలా రాళ్లు నిలబెట్టేవారని వాచ్‌మన్ తిరుపతికి ఎన్నోసార్లు చెప్పాడు. శాఖ మొత్తంలో ఆ మాట శ్రద్ధగా విన్నది తిరుపతి ఒక్కడే.

పరిరక్షణ పనుల ప్రారంభోత్సవానికి శిలాఫలకం కావలసి వచ్చింది. మంత్రిగారి పేరు చెక్కించగానే, ఆయన కింద తన పేరేమిటని ఎమ్మెల్యేగారు అలిగారు. కార్పొరేటర్, మాజీ కార్పొరేటర్, కాబోయే కార్పొరేటర్ వరసగా ఫోన్లు చేశారు. తలా ఒక ఫలకం పెడదామని మంత్రిగారి పీఏ మధుసూదన్ ఉదారంగా తేల్చాడు. జాబితా పద్దెనిమిదికి చేరింది. ఎవరిది ముందుండాలన్న పేచీ మాత్రం తెగలేదు.

"గుండ్రంగ పాతుదాం. ముందు, ఎనక ఉండదు," అన్నాడు మధుసూదన్.

"అక్కడ రాళ్లున్నాయండి," అన్నాడు భీమేశ్వరరావు.

"తీసేయుండ్రి. గుంతలు రెడీగ దొరుకుతయి."

"అవి తీసేస్తే ఇక కాపాడేదేముందండి?"

"కాపాడినమని ఫలకం మీద రాయిస్తున్నం గద సార్."

భీమేశ్వరరావు అభ్యంతరం రాసి పైకి పంపాడు. అది కిందికి వచ్చేలోగా జేసీబీ వచ్చింది. పాత రాళ్లను అక్కడే కంకర కొట్టి, కొత్త ఫలకాలకు దిమ్మెలు పోశారు. ఒక్క రాయి కూడా స్థలం దాటి పోలేదని ప్రెస్ నోట్ ఇచ్చారు. అది చదివి భీమేశ్వరరావు అన్నం ముట్టలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. నల్ల గ్రానైటు మీద బంగారు అక్షరాలు, అందరికన్నా అడుగు ఎత్తుగా మంత్రిగారి రాయి. ఒక్కో ఫలకానికి ఒక్కో బంతిపూల దండ వేశారు. నాయకులు తమ తమ రాళ్ల పక్కన నిలబడి ఫొటోలు దిగారు. స్థల చరిత్ర నాలుగు ముక్కలు చెప్పమన్నారు మంత్రిగారు. భీమేశ్వరరావు లేచి ముందుకొచ్చాడు.

అతనికి మైకు అందించడానికి వచ్చిన తిరుపతి, దండలు వేసిన పేర్లన్నీ ఒకసారి కలియజూశాడు. సారు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. మైకు అప్పటికే ఆన్ చేసి ఉంది.

"సారూ, గింతమందిని పెట్టనీకి లోపల జాగ సాల్తదా?"