పన్నెండో వార్డుకు ఊరంతా

“నీ ఉద్యోగం ఊడుతుందేమోనే, నాకెందుకో గుండె దడదడలాడుతోంది,” అన్నాను మా అమ్మాయితో. అప్పటికింకా ఏమీ జరగలేదు. (జరిగాక భయపడటానికి తీరిక ఎక్కడిది?)

మనిషి కనిపెట్టిన వ్యవస్థలన్నింటిలోకీ పెద్దాసుపత్రి చీటీ మహోన్నతమైనది. ఏ రోగి ఏ వార్డుకు వెళ్లాలో అదే చెబుతుంది, రోగి చెప్పకూడదు. ఆ చీటీలిచ్చే ప్రోగ్రాము మా అమ్మాయి రాసింది, ఆర్ అనే లెక్కల భాషలో. (ఒక్క అక్షరం పేరు. మిగతాది పెట్టడానికి పెట్టినవాళ్లకే ధైర్యం చాలలేదేమో.) ఆరు నెలలు తప్పు లేకుండా గడిస్తే ఉద్యోగం పర్మనెంట్.

ఆరో నెలలో ప్రోగ్రాము వాడటం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి చీటీలన్నీ పన్నెండో వార్డుకే. పన్నెండోది కాన్పుల వార్డు.

“వార్డుకొకటి చొప్పున పన్నెండు ఫంక్షన్లు రాశానమ్మా,” అంది అమ్మాయి, కంచం ముందు కూర్చుని. “ఫంక్షన్ అంటే చెప్పిన పని చేసిపెట్టేది. ఎవరెక్కడికి పిలిచినా, తనకు కావలసింది మాత్రం పుట్టినింట్లోనే వెతుక్కుంటుంది.”

“గరిటె కావాలన్నా పుట్టింటికి పరిగెత్తుకొచ్చే మీ పిన్నిలాగా.”

“అచ్చం పిన్నే! ఈ పన్నెండూ ఒకే ఇంట్లో పుట్టాయి. అక్కడి పలక మీద వార్డు నంబరు ఒకటని రాసి ఒకదాన్ని పుట్టించా. తుడిచి, రెండని రాసి ఇంకోదాన్ని. అలా పన్నెండు దాకా. పుట్టినప్పుడు ఒక్కటీ పలక చూడలేదు. పనిపడ్డాక చూశాయి. అప్పటికి పలక మీద మిగిలింది పన్నెండే.”

“ఒక్కోదానికీ ఓ గది, ఓ పలక ఇవ్వలేకపోయావటే?”

“ఒక్క లైనుతో ఇవ్వొచ్చు. మర్చిపోయా. ఇప్పుడు ముట్టుకోవాలంటే సూపరింటెండెంటు ఒప్పుకోవాలి.”



ఆసుపత్రి మాత్రం కంగారుపడలేదు. చీటీ తప్పు కాజాలదు గనుక, రోగులే వార్డుకు సరిపడని జబ్బులతో వస్తున్నారని సూపరింటెండెంటు నోటీసు అంటించాడు. కాన్పుల వార్డు ఫారంలో “ఎన్నో నెల?” అన్న గడి ఖాళీగా వదలరాదు. ఎనిమిదేళ్లుగా మోకాళ్ల నొప్పులతో ఉన్న రిటైర్డు పోస్టుమాస్టరు నిజాయితీగా తొంభై ఆరు అని రాశాడు. నర్సు అదిరిపడి ఆయన్ను క్యూలో ముందుకు తోసింది.

“భర్త పేరు రాయలేదేం తాతయ్యా?”

“భర్తను నేనేనమ్మా!”

“అయితే బయట కూర్చోండి. మగవాళ్లు లోపలికి రాకూడదు.”

మూడో వారం అమ్మాయిని సంజాయిషీకి పిలిచారు. నేనూ వెళ్లాను. (కళ్లు తిరిగితే మంచినీళ్లివ్వడానికి. ఎవరికన్నది ఇంకా తేలలేదు.)

“తప్పు నాదే సార్. ఒక్క లైను రాస్తే అంతా సర్దుకుంటుంది,” అంది అమ్మాయి.

సూపరింటెండెంటు కళ్లజోడు తీసి తుడిచాడు. బల్ల మీది ఉత్తరం చదివాడు, తిప్పి వెనకవైపు చూశాడు, మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈలోపు నేను మనసులోనే అమ్మాయికి కుట్టుమిషను కొని, వీధిలో బోర్డు కూడా కట్టేశాను.

చివరికి ఆయన ఉత్తరం మడిచి పక్కన పెట్టాడు.

“పదకొండు వార్డుల్లో ఒక్క రోగి కూడా లేడట. ఊళ్లో జబ్బులు మాయం చేశామని పైవాళ్లు మెచ్చుకుంటూ రాశారు. నీ ఉద్యోగం పర్మనెంటమ్మా. ఆ లైను మాత్రం రాయకు.”